అప్‌డేట్: రాత్రిళ్లు లేచి వెళ్లిపోతున్న అమ్మ గురించి

మతిమరుపు జబ్బున్న అమ్మ అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోతోందని, తాళం వేస్తే దేవుణ్ణి నమ్మనట్టేనా అని అప్పట్లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

బైబిల్లో నెహెమ్యా 4:9 చూడమన్న సలహా పనికొచ్చింది. యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు శత్రువుల బెదిరింపు వచ్చినప్పుడు ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు. తాళం బదులు తలుపుకు అలారం పెట్టాం. నిప్పంటుకుంటే తాళమే ప్రమాదం కదా.

డాక్టరు పరీక్షలు చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలింది. పెద్దవాళ్లలో దానివల్ల ఉన్నట్టుండి అయోమయం పెరుగుతుందట. మందులతో ఆ కలవరం తగ్గింది, మతిమరుపు అలాగే ఉంది. ఇది దురాత్మ పని అని కొందరు అన్నారు గానీ, ఆ మాటకు ఇక్కడ సంబంధమే లేదు.

యాకోబు 5:14 ప్రకారం సంఘ పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించారు. దేవుడు కునుకకుండా కాపాడతాడని చెప్పే 121వ కీర్తన మొదలుపెడితే అమ్మే అందుకుంటుంది. అలారం మాత్రం తీసేయలేదు.