అప్‌డేట్: పెద్దాయనకు శనివారం కాఫీ ఇవ్వగలిగాను

పోయిన వారం అడిగాను కదా, న్యూజెర్సీలో మా పక్కింటి యూదు పెద్దాయన శనివారం మా ఇంటికి వస్తున్నారు, షబ్బాత్ (శుక్రవారం పొద్దుగుంకినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా యూదులు పాటించే విశ్రాంతి దినం) నియమం తప్పకుండా కాఫీ ఎలా ఇవ్వాలని. చివరికి ఆయన్నే అడిగేశాను, టెన్షన్ తీరింది.

ఆయన స్విచ్ ముట్టుకోకపోతే చాలనుకున్నాను. అది తప్పు. ఆయన కోసమని ఆ రోజు నేను కాచినా ఆయన తాగకూడదు. అందుకే శుక్రవారం పొద్దుగుంకకముందే, నీళ్లు వేడిగా ఉంచే తన కరెంటు పాత్ర తెచ్చి మా వంటింట్లో ఆన్ చేసి వెళ్లారు.

శనివారం ఆ నీళ్లు ఒక పేపర్ కప్పులోకి, అందులోంచి ఇంకో కప్పులోకి పోసి, అప్పుడు ఇన్‌స్టంట్ పొడి వేసుకున్నారు. షబ్బాత్‌నాడు కూడని 39 పనుల్లో వండడం ఒకటి. పాత్ర మారేకొద్దీ నీళ్లకు వండే శక్తి తగ్గుతుందని వాళ్ల లెక్క. పైగా ఇన్‌స్టంట్ పొడి తయారీలోనే ఒకసారి ఉడికిపోయి ఉంటుంది. ఫిల్టర్ కాఫీ కుదరదన్నారు, పొడి మీద వేడినీళ్లు పోసి డికాక్షన్ దించడమంటే వండడమేనట.

నాకేమో మన ఫిల్టర్ కాఫీ ఇవ్వాలనే కోరిక. ఆయన కోసం కొత్త ఫిల్టర్ కొన్నాను. పాలు ఆయనే తెస్తానన్నారు. షబ్బాత్ అయిపోయాక, ఆదివారం పొద్దున్నే వస్తున్నారు.