దృశ్యకాంతిలో హెచ్చుతగ్గులు జెట్ నుంచే వస్తున్నాయని ఎలా నిర్ధారిస్తారు?

ప్రశ్న (పర్లాకిమిడి, డిగ్రీ విద్యార్థిని)

నమస్కారం. ఓజే 287 అనే బ్లేజర్ (కేంద్రంలోని కృష్ణబిలం దగ్గరి నుంచి అతివేగంగా వెలువడే కణాల ధార, అంటే జెట్, దాదాపు మన వైపే తిరిగి ఉన్న గెలాక్సీ) వెలుగులో వచ్చిన మార్పుల గురించి చదువుతున్నాను. దాదాపు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గెలాక్సీ కేంద్రం సుమారు 12 ఏళ్లకొకసారి బాగా ప్రకాశిస్తుందని 1880ల నాటి ఫోటో పలకల దాకా వెనక్కి వెళ్లి గుర్తించారు. బ్లేజర్ల వెలుగు మారడానికి జెట్టే కారణమని చాలా చోట్ల ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి డిస్క్ నుంచి కూడా దృశ్యకాంతి వస్తుంది కదా? టెలిస్కోపులో ఒకే చుక్కగా కనిపించే వెలుగులో డిస్క్ వాటాను, జెట్ వాటాను ఎలా విడదీస్తారు? జెట్ దృశ్యకాంతిలో కనిపించనప్పుడు ఈ సంబంధాన్ని కొలత అనాలా, ఊహ అనాలా?

సమాధానం 1 (బరంపురం, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, ముందుగా ఒక సవరణ. జెట్ దృశ్యకాంతిలో కనిపించదన్న మాట అన్ని గెలాక్సీలకూ వర్తించదు. ఎం 87 అనే గెలాక్సీ కేంద్రం నుంచి తిన్నగా సాగే కాంతిరేఖను ఖగోళ శాస్త్రవేత్త హీబర్ కర్టిస్ 1918లోనే నమోదు చేశారు. ఆ జెట్‌లోని ముడులు కాంతికన్నా అనేక రెట్లు వేగంగా కదులుతున్నట్లు కనిపించడాన్ని తరువాత హబుల్ టెలిస్కోపుతో కొలిచారు. బ్లేజర్లలో జెట్ దాదాపు మన వైపే తిరిగి ఉండటంతో అంతా ఒకే చుక్కగా కలిసిపోతుంది.

ఇక మీ అసలు సందేహం పూర్తిగా న్యాయమైనది. వెలుగు మారినంత మాత్రాన జెట్ ఉన్నట్లు కాదు; కేంద్రం చురుకుగా ఉన్నా జెట్ బలహీనంగా ఉన్న సీఫర్ట్ గెలాక్సీల వెలుగు కూడా మారుతూనే ఉంటుంది. అందుకే ఇతర ఆధారాలు కావాలి. వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ధ్రువణానికి, అంటే కాంతి తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో కంపించడానికి. జెట్‌లో అయస్కాంత క్షేత్రం చుట్టూ అతివేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలువరించే సింక్రోట్రాన్ కాంతి సహజంగానే ధ్రువితమై ఉంటుంది. బ్లేజర్లలో అది 10 శాతాన్ని, కొన్నిసార్లు 30 శాతాన్ని కూడా దాటుతుంది. డిస్క్ వెలువరించే వేడి కాంతిలో అంత ధ్రువణం ఉండదు. 2009లో 3సీ 279 అనే బ్లేజర్‌లో గామా కిరణాల విజృంభణను ఫెర్మీ ఉపగ్రహం నమోదు చేస్తున్న రోజుల్లోనే, దృశ్యకాంతి ధ్రువణ కోణం సుమారు 20 రోజుల్లో 200 డిగ్రీలకు పైగా తిరిగింది. గామా కిరణాలూ దృశ్యకాంతీ జెట్‌లోని ఒకే ప్రాంతం నుంచి వచ్చాయనడానికి ఇది గట్టి సాక్ష్యం.

మార్పు వేగం మరో ఆధారం. ఒక వస్తువును దాటడానికి కాంతికి పట్టే సమయంకన్నా త్వరగా ఆ వస్తువు మొత్తం వెలుగు మారలేదు. నూరు కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం వ్యాసార్ధం 300 కోట్ల కిలోమీటర్లు. దాన్ని దాటడానికే కాంతికి సుమారు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. అంతకన్నా తక్కువ సమయంలో వెలుగు గణనీయంగా మారితే, ఆ వెలుగు మన వైపు దూసుకొచ్చే జెట్‌ది కావడంతో, డాప్లర్ ప్రభావం వల్ల మనకు కాలం కుదించుకుపోయి కనిపిస్తోందని భావించవలసి వస్తుంది.

సమాధానం 2 (రాయగడ)

మాష్టారు చెప్పినదానికి రంగు విషయం కూడా చేర్చాలి. కాంతి వేగంలో 99.5 శాతంతో సాగే జెట్ మన దృష్టిరేఖకు 5 డిగ్రీల కోణం నుంచి 2 డిగ్రీలకు మళ్లితే చాలు, లోపల కొత్త శక్తి ఏమీ చేరకపోయినా, మనకు వెలుగు సుమారు 4 రెట్లు పెరిగినట్లు కనిపిస్తుంది. అప్పుడు అన్ని రంగులూ ఇంచుమించు సమానంగా పెరుగుతాయి. అలా కాక వెలుగుతోపాటు నీలిమ పెరిగితే, ఎలక్ట్రాన్లకు కొత్తగా శక్తి అందిందని అర్థం చేసుకోవచ్చు. 3సీ 454.3 వంటి, డిస్క్ కూడా బాగా వెలిగే క్వేసార్ తరహా బ్లేజర్లలో ఇది తలకిందులవుతుంది. అక్కడ డిస్క్ కాంతి నీలంగా ఉండటంతో, జెట్ విజృంభించినప్పుడు మొత్తం వెలుగు ఎర్రబడుతుంది. మీరు అడిగిన వాటాల లెక్క ఇక్కడే స్పష్టంగా దొరుకుతుంది.

అయితే మీరు ఎంచుకున్న ఓజే 287 విషయంలో వివాదం ఇంకా ముగియలేదు. కేంద్రంలోని కృష్ణబిలం చుట్టూ తిరిగే రెండో కృష్ణబిలం డిస్క్‌ను ఛేదించుకుని వెళ్లినప్పుడు ఆ పెద్ద విజృంభణలు వస్తాయని ఒక వర్గం అంటోంది. అది నిజమైతే వాటికి మూలం జెట్ కాదు. కానీ ఆ నమూనా ప్రకారం 2022 అక్టోబరులో రావలసిన విజృంభణ కనిపించలేదని మరో బృందం ప్రకటించింది.

మళ్లీ ప్రశ్న (పర్లాకిమిడి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా కళాశాలలో 8 అంగుళాల టెలిస్కోపు, ఒక కెమెరా ఉన్నాయి. వాటితో ఏమైనా చేయగలమా?

సమాధానం 3 (గుణుపురం)

తప్పకుండా చేయవచ్చు. ఓజే 287 సాధారణంగా 14, 15 మాగ్నిట్యూడ్ల మధ్య ఉంటుంది (ఈ ప్రకాశ కొలమానంలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). ఎక్స్‌పోజర్ తగినంత ఇస్తే మీ పరికరానికి అందుతుంది. అది ఖగోళ మధ్యరేఖకు 20 డిగ్రీల ఉత్తరాన ఉంది, మన ప్రాంతం 19 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. కాబట్టి ఫిబ్రవరి మొదట్లో అర్ధరాత్రి అది దాదాపు నడినెత్తిన ఉంటుంది. వానలు పడే జూలై, ఆగస్టు నెలల్లో అది ఎలాగూ సూర్యుడి పక్కనే ఉంటుంది గనుక వర్షాకాలం వల్ల మనకు పోయేది తక్కువ. బీఎల్ లాసెర్టే అనే మరో బ్లేజర్ మాత్రం సరిగ్గా ఆ మబ్బు నెలల్లోనే బాగా కనిపించాలి, కాబట్టి దాన్ని అక్టోబరు తరువాతకు వాయిదా వేసుకోండి.

నీలం, ఎరుపు ఫిల్టర్లతో ఒకే రాత్రి మార్చి మార్చి చిత్రాలు తీయండి. అప్పుడే రంగు మార్పు తెలుస్తుంది. అదే చట్రంలో ఉన్న రెండు పోలిక నక్షత్రాల మధ్య తేడాను కూడా ప్రతి చిత్రంలోనూ కొలవండి. ఆ తేడా స్థిరంగా లేని రాత్రి బ్లేజర్‌లో ఏ మార్పు కనిపించినా లెక్కలోకి తీసుకోవద్దు.