రెట్టింపు వేగంతో వింటే విన్నట్లేనా?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. ఉపన్యాసాలైనా పాడ్‌కాస్టులైనా ఒకటిన్నర రెట్ల వేగంతోనో రెట్టింపు వేగంతోనో వినడం కొంతకాలంగా నాకు అలవాటైపోయింది. సమయం కలిసివస్తుందని మొదలుపెట్టిన ఈ పద్ధతి ఎంతవరకు వచ్చిందంటే, ఇప్పుడు ఎవరైనా మామూలుగా మాట్లాడుతున్నా సాగదీస్తున్నట్లే తోస్తోంది. ఎదురుగా కూర్చున్న మనిషి మాట కోసం తడుముకుంటూ ఒక్క క్షణం ఆగితే, ఆ మాటేదో నేనే అందించేయాలన్న తొందర పుడుతోంది. 2021లో వాట్సాప్ వాయిస్ సందేశాలకు కూడా ఈ సదుపాయం వచ్చాక ఆప్తుల గొంతును సైతం వేగం పెంచే వింటున్నాను. విషయం పూర్తిగా అందుతున్నప్పుడు నష్టమేమిటని కొందరు అడుగుతున్నారు. నాకు మాత్రం ఏదో చేజారుతోందన్న బెంగ ఉంది. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

సమాధానం 1

పాఠాల సంగతి అయితే మీరు అంత కలవరపడనక్కరలేదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యార్థులకు రికార్డు చేసిన ఉపన్యాసాలను వేర్వేరు వేగాల్లో చూపించి పరీక్షించగా, రెట్టింపు వేగం వరకు అవగాహనలో పెద్ద తేడా రాలేదని, అది దాటాకే తగ్గిందని 2021లో వెల్లడించారు. అయితే వారు చూపినవి రోమన్ సామ్రాజ్యం, స్థిరాస్తి విలువ కట్టడం వంటి విషయాలపై ఉపన్యాసాలని మరువరాదు. చెప్పినది గుర్తుందా లేదా అన్నది పరీక్షకు అందుతుంది గానీ, చెప్పిన మనిషి ఏ మనఃస్థితిలో చెప్పాడో అందులోకి రాదు.

ఈ ప్రయత్నం కొత్తదీ కాదు. పాత టేపును వేగంగా తిప్పితే గొంతు కీచుమనేది. ఆ చిక్కును తప్పించడానికి 1950లలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ ఫెయిర్‌బ్యాంక్స్ బృందం, ధ్వనిని అతి చిన్న ముక్కలుగా కోసి, మధ్యమధ్య కొన్నింటిని తీసేసి, మిగిలినవాటిని అతికించే యంత్రాన్ని రూపొందించింది.

సమాధానం 2

నాకు పుట్టుకతో చూపు లేదు. తెరమీది అక్షరాలను ఫోను నాకు చదివి వినిపిస్తుంది. నేను పెట్టుకునే వేగంలో పక్కనున్నవారు వింటే అది ఏ భాషో కూడా పోల్చుకోలేరు. చూపున్నవారు పేజీ మీద కళ్లు పరుగెత్తించి కావలసిన చోట ఆగే పనిని నేను చెవులతో చేస్తున్నాను, అంతే. వేగంగా వినడమంటే సగం సగం వినడమని ఎవరైనా తేల్చేస్తే, నా చదువంతా అరకొర చదువేనన్నట్లుగా నాకు బాధ కలుగుతుంది. అలాగని అన్నింటికీ ఒకే వేగం వాడను. ఉత్తరప్రత్యుత్తరాలు, వార్తలు పరుగు మీద వింటాను; మనిషి గొంతుతో చదివిన నవలను మాత్రం ఆయన చదివిన వేగంతోనే వింటాను.

సమాధానం 3

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే, ప్రశ్న అడిగినవారి బెంగ సరైనదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. వేగం పెంచినప్పుడు మాటలు కుదించుకుపోవడం కన్నా వాటి మధ్యనున్న నిశ్శబ్దం కుదించుకుపోవడమే నన్ను కలవరపెడుతుంది. కొన్ని పాడ్‌కాస్టు యాప్‌లైతే ఖాళీలను వాటంతటవే కత్తిరించే సదుపాయం కూడా ఇస్తున్నాయి. మా అక్క ఒకసారి పంపిన సందేశంలో "నేను బాగానే ఉన్నాను" అనే ముందు కాసేపు ఆగింది, ఒక నిట్టూర్పు వినిపించింది, ఆ తరువాత గొంతు సవరించుకుని ఆ మాట అంది. రాసి చూస్తే అది క్షేమ సమాచారమే. నేను వెంటనే ఫోన్ చేసింది మాత్రం ఆ ఆగడం విని. రెట్టింపు వేగంలో ఆ నిట్టూర్పు వినబడినా, అది నిట్టూర్పని నాకు తట్టేది కాదు.

2019లో నెట్‌ఫ్లిక్స్ చూసే వేగాన్ని మార్చుకునే సదుపాయాన్ని పరీక్షించినప్పుడు కొందరు దర్శకులు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. మరుసటి సంవత్సరం అది ఎలాగూ వచ్చేసింది. ప్రేక్షకుడి సౌకర్యం ముఖ్యమే, కాదనను. కానీ ఒక పాత్ర జవాబు చెప్పకుండా ఎంతసేపు నిలబడిపోయిందన్నది కూడా ఆ కథలో చెప్పిన సంగతే.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. రెండవ సమాధానం రాసినవారిని ఒక మాట అడగాలని ఉంది. రోజంతా అంత వేగానికి అలవాటుపడిన మీకు, మనుషులు ఎదురుగా నిదానంగా మాట్లాడుతుంటే విసుగు కలగదా?

సమాధానం 2 రాసినవారి నుంచి

కలగదండీ. ఎదుటివారి ముఖం నాకు కనిపించదు కనుక, వారు ఎక్కడ ఆగారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, ఏ మాటను మింగేశారు అన్నవాటితోనే నేను వారి ముఖం చదువుకోవాలి. తెర చదివే గొంతు ఒక యంత్రానిదని నా చెవికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. దాని వేగాన్ని మనుషుల మీద రుద్దాలని తోచదు. మీ విషయంలో ఉపన్యాసమూ ఆప్తుల సందేశమూ ఒకే ఫోనులో, ఒకే మీటతో, ఒకే వేగంతో వస్తున్నాయి కాబట్టి ఆ హద్దు చెరిగిపోయి ఉంటుందని నా అనుమానం. పాఠాలను మీ ఇష్టమొచ్చిన వేగంతో వినండి, కానీ ఇంటివారి సందేశాల దగ్గర ఆ మీట ముట్టుకోకుండా కొన్నాళ్లు విని చూసి, ఎదుటివారి మాటకు అడ్డుపడే తొందర తగ్గిందో లేదో ఇక్కడే రాయండి.