తాటాకు మీద రాస్తుంటే చీలిపోతోంది, ఏం తప్పు చేస్తున్నాను?

కాగితం లేని రాజ్యం మీద ఫాంటసీ నవల రాస్తున్నాను. లేఖకుడి పని నమ్మేలా ఉండాలని నేనే తాటాకు మీద రాసి చూశాను. లేత ఆకు ఈనె తీసి, పసుపు నీళ్లలో అరగంట ఉడికించి, మూడు రోజులు నీడలో ఆరబెట్టాను. గంటం దొరక్క కంపాస్ ముల్లుతో గీశాను. గుండ్రటి ‘ర’, ‘ఠ’ చక్కగా వచ్చాయి. ఆకు పొడవునా, నార వెంట గీత పడిన చోటల్లా మాత్రం సన్నగా చీలుతోంది. దీపం మసి నూనెలో కలిపి రుద్దితే ఆ చీలికల్లోకీ దిగి, అక్షరమేదో గీతేదో తెలియడం లేదు (చేతుల సంగతి సరేసరి).

రెండోసారి గంటసేపు ఉడికించాను, ముల్లు మొన కూడా కాస్త అరగదీశాను. అదే వరస. శ్రీతాళం (రాతకు వాడే మరో రకం తాటి) ఆకు మా వైపు దొరకదు.

తాళపత్రాలు తయారుచేసినవాళ్లు, దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి: మామూలు తాటాకు నార వెంట చీలకుండా ఉండాలంటే, ఆరబెట్టాక రాసే ముందు ఇంకేం చేయాలి?