అప్‌డేట్: ఆగి ఉన్నప్పుడు కారు వణకడానికి కారణం దొరికింది

కారు ఆగి ఉండగా ఇంజిన్ తడబడుతూ బండంతా వణుకుతోందని, వేగం అందుకుంటే ఆ వణుకు చాలావరకు తగ్గుతోందని ఇంతకుముందు అడిగాను. లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి చూడగా పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) అవుతోందన్న కోడ్ వచ్చింది. మా ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఒక్కో స్పార్క్ ప్లగ్‌కు, దానికి కరెంటు అందించే కాయిల్ ఒక్కోటి ఉంటుంది కాబట్టి, విడిభాగాలేవీ కొనకముందే రెండో, మూడో సిలిండర్ల కాయిల్స్‌ను అటూ ఇటూ మార్చి, పాత కోడ్ చెరిపి, ఇంజిన్‌ను మళ్లీ నడిపిస్తే ఈసారి పి0303, అంటే మూడో సిలిండర్ కోడ్ కనిపించింది. లోపం కాయిల్‌తో పాటే కదిలింది కనుక ప్లగ్, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల మీద అనుమానం తీరిపోయింది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ఎవరైనా ముందుగా చేయించుకోవాలని నా అభిప్రాయం. కొత్త కాయిల్ వేశాక ఐడ్లింగ్ (ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిమిషానికి 750 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర నిలకడగా ఉంది. ఏసీ వేసినప్పుడు మాత్రం స్టీరింగ్‌లో సన్నని అదురు మిగిలింది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్ల రబ్బరు దెబ్బతిన్నదేమో ఇక చూపించాలి.