బర్మా కెంపు కొనొచ్చా?

విజయనగరం కోడలు: అమ్మాయి నిశ్చితార్థానికి ఉంగరం చూస్తుంటే షాపతను "మోగోక్ రాయి మేడమ్, అసలు బర్మా కెంపు" అన్నాడు. మా అత్తగారి నాన్న 1942లో రంగూన్ నుంచి నడిచి వచ్చినాయన, అందుకని ఇంట్లో బర్మా అంటే మమకారం. ఆ డబ్బు అక్కడి సైన్యానికి పోతుందని మా అబ్బాయి గొడవ. నిజమేనా?

రాళ్ల మనిషి: నిజమేనండి. గనుల లైసెన్సులు, వేలంపాటలు చూసేది మయన్మా జెమ్స్ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రభుత్వ సంస్థ. 2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది, ఏప్రిల్‌లో అమెరికా ఆ సంస్థ మీద ఆంక్షలు పెట్టింది. 2024లో కెంపు గనులున్న మోగోక్ ఊరిని తాంగ్ తెగ తిరుగుబాటు దళం పట్టుకుంది. కాబట్టి డబ్బు ఏ తుపాకీకి చేరిందన్నది రాయి ఎప్పుడు తవ్వారో దాన్నిబట్టి ఉంటుంది.

కొత్త సభ్యుడు: కింబర్లీ సర్టిఫికెట్ అడగండి.

రాళ్ల మనిషి: తిరుగుబాటు యుద్ధాలకు డబ్బు పోని రాయని చెప్పే ఆ కాగితం ముడి వజ్రాలకే బాబూ, కెంపులకు లేదు. ల్యాబ్ రిపోర్టులో ఏ దేశపు రాయో రాస్తారు, ఏ ఏడాది తవ్వారో రాయరు. మొజాంబిక్ రాయి ఇస్తామంటారేమో, అక్కడ కెంపు గనులున్న కాబో డెల్గాడో రాష్ట్రంలోనూ 2017 నుంచి కాల్పులే.

విజయనగరం కోడలు: అత్తగారు తన పాత కమ్మల్లోంచి రెండు కెంపులు తీయించమన్నారు. కంసాలి దగ్గరికి రేపు వెళ్తున్నాం.