బిగ్ బర్డ్: చెయ్యి ఒకరిది, గొంతు ఒకరిది. ఇది సరైన పద్ధతేనా?

బొమ్మలకొలువు:
అమెరికాలో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం 1969లో మొదలైనప్పటి నుంచి, అందులో మనిషి లోపల దూరి ఆడించే పెద్ద పసుపు పక్షి బొమ్మ బిగ్ బర్డ్‌ను ఆడించింది క్యారల్ స్పిన్నీ. 2015లో ఒంటికి నిలకడ తగ్గి ఆ వేషం వేసుకోవడం మానేశారు. గొంతు మాత్రం 2018లో విరమించేదాకా ఇచ్చారు. ఆ కాలంలో లోపల నిలబడింది మ్యాట్ వోగెల్. పాత్రను ఇలా రెండు ముక్కలు చేయడం తప్పని నా అభిప్రాయం. 2015లోనే చెయ్యీ గొంతూ కలిపి అప్పగించాల్సింది. మీరేమంటారు?

పసుపుఈక:
తప్పనే ముందు ఆ వేషంలో పని ఎలా ఉంటుందో చూడండి. పక్షి ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలు. ఆడించే మనిషి కుడిచేతిని నిటారుగా పైకెత్తి పక్షి తలలో పెట్టాలి. ఆ తల బరువు దాదాపు 2 కిలోలు. ఆ చేత్తోనే ముక్కు తెరిచి మూయాలి, చిటికెనవేలితో మీట లాగి కనురెప్పలు ఆడించాలి. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉంటుంది. కుడి రెక్క ఖాళీ. దానికి కట్టిన గాలపు దారం మెడ కింది నుంచి వచ్చి ఎడమచేతికి చేరుతుంది. ఎడమ రెక్క దిగితే కుడిది లేస్తుంది. బయటికి చూడ్డానికి కన్నాలుండవు. రొమ్ముకు కట్టుకున్న చిన్న టీవీలో కెమెరా చూసేదే కనబడుతుంది. అది అద్దం కాదు కాబట్టి, కెమెరాకు ఎదురుగా నిలబడి తను కుడికి జరిగితే తెరమీద పక్షి ఎడమకు పోతుంది. 81 ఏళ్ళ వయసులో నిలకడ తప్పితే ముందు ఆగాల్సింది ఈ పని. బాగున్న గొంతును కూడా ఎందుకు ఆపాలి?

తెరవెనక:
నడక సంగతి ఒప్పుకుంటానండీ. కానీ గొంతు వేరైతే నోరు దెబ్బతింటుంది. మాట్లాడేవాడే ఆడిస్తే ఊపిరి తీసుకునేటప్పుడే చెయ్యి సిద్ధమవుతుంది. వేరేవాళ్ళ మాట విని ముక్కు తెరిస్తే రెప్పపాటు ఆలస్యం తప్పదు. ముందే రికార్డు చేసిన మాటైతే కంఠతా పట్టి ఆడించొచ్చు, కానీ ఎదుట కూర్చున్న పాప అనుకోని ప్రశ్న వేస్తే బదులెవరిస్తారు? మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తరాలు మారినా బతికే ఉన్నారు. అక్కడ ఆటా మాటా కలిసే కొత్త చేతికి వెళ్తాయి. 1990లో దాన్ని సృష్టించి ఆడించిన జిమ్ హెన్సన్ పోయాక కప్ప బొమ్మ కెర్మిట్ కూడా అలాగే మొత్తంగా స్టీవ్ విట్‌మైర్ చేతికొచ్చింది.

పసుపుఈక:
కెర్మిట్ పోలిక నిలవదు. అక్కడ మనిషే లేరు, ఇక్కడ ఉన్నారు. పైగా వోగెల్ 1990ల నుంచే స్పిన్నీకి బదులుగా తయారవుతున్నవారు, చెయ్యి అప్పటికే కుదిరింది. కుదరడం కష్టమైనది ఆ పసితనం. మొదటి రోజుల్లో పల్లెటూరి అమాయకుడిలా ఉన్న పక్షిని ఆరేళ్ళ బిడ్డగా మార్చింది స్పిన్నీయే. అదే కార్యక్రమంలో కొట్టు నడిపే హూపర్ వేషం వేసిన విల్ లీ 1982లో చనిపోతే, ఆ స్థానంలో వేరే నటుణ్ణి పెట్టలేదు. హూపర్ ఇక రారని బిగ్ బర్డ్‌కు పెద్దలు చెప్పే భాగం 1983లో వేశారు. అందులో పక్షి అందరికీ పంచే బొమ్మలు కూడా స్పిన్నీ గీసినవే. అంతగా ఆయనలోంచి వచ్చిన గొంతు ఇంకొన్నాళ్ళు వినబడటం పిల్లలకు లాభమే.

బొమ్మలకొలువు:
సరే, నా మాట కొంత సవరించుకుంటాను. పాటలకీ, రాసుకున్న సంభాషణలకీ స్పిన్నీ గొంతు ఉండనివ్వండి. పిల్లలతో నేరుగా మాట్లాడే చోట మాత్రం మొదటి నుంచే వోగెల్ పలకాల్సింది.

తెరవెనక:
ఒకే భాగంలో ఒకే పక్షికి రెండు గొంతులా? అంతకంటే మీరు మొదట అన్నదే నయం. నోరు రెప్పపాటు వెనకబడితే పిల్లలు ఓర్చుకుంటారేమో గానీ, గొంతు మారితే నాలుగేళ్ళ పిల్ల కూడా వెంటనే పట్టేస్తుంది.